ఫైర్‌వాల్ ఆఫ్ చేస్తేనే కెమెరా కనబడుతోందంటే తప్పు ఫైర్‌వాల్‌ది కాదు

ప్రశ్న: నమస్తే అండి. నేను రిటైరైన టీచర్ని. తణుకు దగ్గర ఊళ్లో నేనూ మావారూ ఉంటాం, అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించాడు, ఫైబర్ నెట్ కూడా అప్పుడే వేయించాడు. అమెరికాలో వాడికి కెమెరాలు కనబడాలంటే స్టాటిక్ ఐపీ అనేది తీసుకోవాలన్నారు, దానికి నెలకి 200 ఎక్స్‌ట్రా కడుతున్నాం. మొన్న నెట్ బాక్స్ పాడైతే కొత్తది పెట్టారు, అప్పట్నుంచి వాడికి కెమెరాలు రావట్లేదు. లైన్ చూసే అబ్బాయి వచ్చి ఫోన్‌లో ఏదో నొక్కి "ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందండి అందుకే, ఆఫ్ చేసేశాను, ఇక ముట్టుకోకండి, ఆన్ చేస్తే నెట్ కూడా స్లో అయిపోద్ది" అన్నాడు. నిజంగానే కెమెరాలు వచ్చేశాయి. ఇప్పుడు మావాడు ఫైర్‌వాల్ ఆఫ్ చేయడమేంటమ్మా వెంటనే ఆన్ చేయించు అని రోజూ గోల. ఆన్ చేస్తే కెమెరా పోతుంది, చేయకపోతే వీడు ఊరుకోడు. నేనే ఆన్ చేసుకోవచ్చా, ఎలా? ఇంకోటి, రాత్రి పడుకునే ముందు ఆ బాక్స్ స్విచ్ ఆపేస్తే ఏ గొడవా ఉండదు కదా?

సమాధానం: టీచర్ గారూ, ఈ గొడవలో నేను మీ అబ్బాయి పక్షం. అలాగని ఆ లైన్ అబ్బాయిని మరీ తిట్టుకోకండి, వాళ్లకి రోజుకి ఎన్ని ఇళ్లు తిరిగారన్నదే లెక్క, కెమెరా ఎందుకు రావట్లేదో కూర్చుని వెతికే టైమ్ ఉండదు, మొత్తం ఆఫ్ చేస్తే వచ్చేసింది కదా అని బండెక్కి వెళ్లిపోతారు. నేనూ ఒకప్పుడు ఇదే పని చేసినవాణ్ణే, దాని కథ కింద చెప్తాను.

అసలు ఫైర్‌వాల్ ఏం చేస్తుందో తెలిస్తే మీ సమస్య సగం తీరిపోతుంది. స్కూల్లో మూవ్‌మెంట్ రిజిస్టర్ గుర్తుందా, ఎవరు ఎన్నింటికి బయటికి వెళ్లారు ఏ పని మీద వెళ్లారు అని రాసి సంతకం పెట్టేది. రౌటర్‌లో, అంటే మీ నెట్ బాక్స్‌లో, ఫైర్‌వాల్ కూడా అలాంటి రిజిస్టరే రాస్తూ ఉంటుంది. మీరు ఫోన్‌లో యూట్యూబ్‌లో ప్రవచనం పెట్టారనుకోండి, ఫలానా ఫోను ఫలానా పోర్ట్ (నంబర్ వేసిన తలుపు అనుకోండి) నుంచి బయట ఫలానా సర్వర్ దగ్గరికి వెళ్లింది అని ఒక లైన్ రాసుకుంటుంది. అట్నుంచి వీడియో ముక్కలు ముక్కలుగా వస్తుంటే రిజిస్టర్‌లో చూసి ఇది మనవాళ్లు అడిగిందే అని లోపలికి వదులుతుంది, కాసేపు అటూ ఇటూ మాటల్లేకపోతే ఆ లైన్ కొట్టేస్తుంది. రిజిస్టర్‌లో లేకుండా బయట నుంచి దానంతటది వచ్చిందేదైనా పిలవని పేరంటం కిందే లెక్క, లోపల మనుషులున్నారని కూడా చెప్పకుండా పడేస్తుంది. రౌటర్ పేజీల్లో దీన్నే ఎస్‌పీఐ ఫైర్‌వాల్ అని రాస్తారు. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

ఇప్పుడు మీ కెమెరాల దగ్గరికి రండి. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో మీ ఇంటి చిరునామా, అది మారకుండా ఉండేదే స్టాటిక్ ఐపీ. మీ అబ్బాయి డాలస్ నుంచి నేరుగా ఆ అడ్రస్ కొట్టి తలుపు తడుతున్నాడు. మన రిజిస్టర్‌లో ఆ ఎంట్రీ లేదు, కాబట్టి ఫైర్‌వాల్ లెక్కలో మీవాడికీ ఏ దేశంలోనో కూర్చున్న దొంగకీ తేడా లేదు. అందుకని పాత బాక్స్‌లో మీకోసం పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఒక కన్నం పెట్టి ఉంటారు, ఫలానా నంబర్ పోర్ట్ మీద ఎవరొచ్చినా డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) దగ్గరికి పంపించు అని. కొత్త బాక్స్‌లో ఆ కన్నం పెట్టి ఉన్నా ఫైర్‌వాల్ దానికి దారి ఇవ్వకుండా ఉండి ఉంటుంది. సరిగ్గా పెడితే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నా కెమెరా రావాలి, మామూలు లెవెల్‌లో అయితే చాలా బాక్సుల్లో వస్తుంది కూడా. ఆ కన్నం ఎందుకు మూసుకుపోయిందో వెతికే బదులు మీ లైన్ అబ్బాయి గోడే తీసేశాడు.

నేను మాత్రం ఆ కన్నం కూడా వద్దంటాను.

ఎందుకంటే రెండో దారి ఉంది. మీ డీవీఆరే లోపల నుంచి బయటికి వెళ్లి తన కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతూ ఉంటుంది, మీ అబ్బాయి ఫోన్‌లో ఆప్ కూడా అదే సర్వర్ దగ్గరికి వస్తుంది, ఇద్దరూ అక్కడ కలుసుకుంటారు. డీవీఆర్ తనంతట తాను బయటికి వెళ్లింది కాబట్టి రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది, ఫైర్‌వాల్‌కి ఏ అభ్యంతరమూ లేదు. డీవీఆర్ మెనూలో దీన్ని ఒక కంపెనీ పీటుపీ అంటుంది, ఇంకొకటి క్లౌడ్ అంటుంది, ఇంకోటి ప్లాట్‌ఫామ్ యాక్సెస్ అంటుంది, మూడూ ఒకటే అనుకోండి. ఇప్పుడు వాడుకలో ఉన్న డీవీఆర్‌లలో దాదాపు అన్నిట్లో ఉంది, మీది రెండేళ్ల కిందటిది కాబట్టి కచ్చితంగా ఉండాలి. దీనికి స్టాటిక్ ఐపీ కూడా అక్కర్లేదు, అంటే నెలకి ఆ 200 ఎందుకు కడుతున్నారో నాకైతే అర్థం కాలేదు. ఆ కంపెనీ సర్వర్‌ని నమ్మాలి కదా అంటారేమో మీవాడు, నిజమే, నమ్మాలి, కానీ ప్రపంచం మొత్తానికి తలుపు తీయడం కంటే ఒకణ్ణి నమ్మడం నయం.

"ఆఫ్ చేసి ఇన్ని రోజులైంది, ఏమీ కాలేదు కదా" అని మావారు అంటున్నారని మీరు రాయలేదు గానీ అనే ఉంటారు, అందరిళ్లలో అంటారు. ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. మీ ఇంట్లో ఫోన్లకీ టీవీకీ ఉన్న అడ్రస్‌లు 192.168 తో మొదలవుతాయి, అవి ఇంటి లోపలే చెల్లే అడ్రస్‌లు, బయట ఇంటర్నెట్‌లో వాటికి ఉత్తరం రాదు. ఇంట్లో అందరూ కలిసి బయటికి ఒకటే అడ్రస్‌తో వెళ్తారు, ఆ మార్పిడిని నాట్ అంటారు. ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉన్నా ఈ నాట్ వల్ల బయట నుంచి వచ్చినదానికి లోపల ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక చాలావరకు ఆగిపోతుంది. ఇది నిజం, కాదనను. కానీ రెండు చోట్ల నాట్ కాపాడదు. ఒకటి రౌటరే. దాని సొంత లాగిన్ పేజీ, టెల్‌నెట్ (దూరం నుంచి డబ్బాకి ఆదేశాలిచ్చే పాత దారి) లాంటివి బయటివైపు తెరిచి ఉంటే నేరుగా దాని మీదే పడతారు. రెండోది ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4. మన దేశంలో ఇప్పుడు దీని వాడకం ప్రపంచంలో పెద్ద దేశాలన్నిటితో పోల్చినా బాగా ఎక్కువ, 2016లో జియో వచ్చాక ఒక్కసారిగా పెరిగింది. ఐపీవీ6లో అడ్రస్‌లకి కరువు లేదు, అందుకని మీ టీవీకో అడ్రస్, మీ ఫోన్‌కో అడ్రస్, డీవీఆర్‌కో అడ్రస్, అన్నీ బయట ప్రపంచానికి తెలిసే అడ్రస్‌లే. నాట్ ఉండదు. అక్కడ ఉన్న ఒకే ఒక్క అడ్డం ఫైర్‌వాల్, దాన్నే ఆఫ్ చేశారు.

ఇక నా కథ. చాలా ఏళ్ల కిందట మా తోడల్లుడి ఎరువుల షాపులో డీవీఆర్‌కి నెట్ కలిపింది నేనే. పోర్ట్ ఫార్వార్డ్ ఎంతసేపు పెట్టినా పని చేయట్లేదు, అవతల సీజన్, షాపు నిండా జనం, చిరాకొచ్చి డీఎంజెడ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది చూశారా, అందులో డీవీఆర్ అడ్రస్ పడేశాను. డీఎంజెడ్ అంటే 65 వేల పైచిలుకు పోర్టుల్లో దేని మీద ఎవరొచ్చినా ఈ డబ్బా దగ్గరికే పంపించు అని. డీవీఆర్ పాస్‌వర్డ్ ఏమో బిగించినతను పెట్టిన ఐదంకెలు, ఒకటి నుంచి ఐదు దాకా. వెంటనే కెమెరా వచ్చింది, టీ తాగి వచ్చేశాను. రెండు నెలల తర్వాత నుంచి షాపులో నెట్ చచ్చిపోయేది, బిల్లింగ్ ఆగిపోయేది, నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందనేవాళ్లు. ఒకరోజు రాత్రి షాపు మూశాక నేనే వెళ్లి కూర్చున్నాను. కంప్యూటర్ ఆఫ్, ఫోన్లు లేవు, అయినా రౌటర్ మీద డీవీఆర్ వైరు పెట్టిన పోర్ట్ లైటు ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది. వైరు పీకాను, ఆగింది. పెట్టాను, మళ్లీ మొదలు. మా డీవీఆర్ రాత్రంతా ఎవరికో వెట్టి చేస్తోంది. దానికి కంపెనీ అప్‌డేట్ కూడా ఎక్కలేదు, చివరికి డీవీఆరే మార్చాం. ఆ డబ్బులు నేనే ఇచ్చాననుకోండి, తోడల్లుడి దగ్గర పరువు కోసం.

ఇది నా ఒక్కడి గ్రహపాటు కాదు. 2016లో మిరాయ్ అని ఒక మాల్‌వేర్, అంటే డబ్బాల్లో దూరి పాడుపనులు చేసే ప్రోగ్రామ్, వచ్చింది, అది చేసిందల్లా ఇంటర్నెట్ మొత్తం తిరుగుతూ టెల్‌నెట్ తెరిచి ఉన్న డీవీఆర్‌లు, ఐపీ కెమెరాలు, ఇంటి రౌటర్లు కనబడితే ఫ్యాక్టరీలో పెట్టిన 60 పైచిలుకు యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ జతలు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూడటం. అడ్మిన్ అడ్మిన్, రూట్ రూట్, ఇలాంటివి. అంత చిన్న లిస్టుతోనే లక్షల డబ్బాలు పోగేశారు. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితో డిన్ అనే కంపెనీ (వెబ్‌సైట్ పేరు కొడితే దాని అడ్రస్ చెప్పేది) మీద పడితే అమెరికాలో చాలామందికి ట్విట్టర్ నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. మీవాడు అప్పటికి అక్కడుంటే అడగండి, గుర్తుండొచ్చు. మరుసటి ఏడాది జులైలో మన బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెముల మీద కూడా ఇలాంటి మాల్‌వేర్ పడింది, దొరికిపోయినవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివి, పాస్‌వర్డ్ మార్చుకోండి బాబూ అని వాళ్లే కస్టమర్లకి చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఫైర్‌వాల్ కంటే ముందు పాస్‌వర్డ్ మాట ఎత్తుతాను, విసుక్కోకండి.

సరే, పనిలోకి దిగుదాం. మీరే చేసుకోవచ్చు, అరగంట పని, పగటిపూట పెట్టుకోండి. మొదట ముట్టుకోవాల్సింది రౌటర్ కాదు, డీవీఆర్. ముందు ఫైర్‌వాల్ ఆన్ చేసేస్తే కెమెరా పోతుంది, మీవాడు కంగారుపడతాడు, మళ్లీ ఆఫ్ చేయించేస్తారు, మొత్తం మొదటికొస్తుంది. డీవీఆర్‌కి ఉన్న మౌస్‌తో మెనూలోకి వెళ్లి నెట్‌వర్క్ అన్నచోట ఇందాక చెప్పిన పీటుపీయో క్లౌడో ఆన్ చేస్తే పక్కన ఆన్‌లైన్ అని చూపిస్తుంది, ఒక క్యూఆర్ కోడ్ కూడా వస్తుంది. అబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టుకోకండి, స్క్రీన్ మసకగా కనబడి ఇద్దరికీ బీపీ పెరుగుతుంది, శుభ్రంగా ఫోటో తీసి వాడికి మాత్రమే పంపండి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టొద్దు. వాడు అదే కంపెనీ ఆప్‌లో ఆ కోడ్ స్కాన్ చేసుకుని, వెరిఫికేషన్ కోడ్ అడిగితే మీరు పెట్టింది చెప్తే అయిపోయింది. అక్కడే డీవీఆర్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి, కెమెరాలు బిగించేవాళ్లలో చాలామంది ఊరందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడతారు, మీ పక్కింటివాళ్లది మీదీ ఒకటే అయినా ఆశ్చర్యపోను. వాడికి అక్కడ కొత్త పద్ధతిలో నాలుగు కెమెరాలూ కనబడుతున్నాయని చెప్పాకే రెండో పని.

రౌటర్‌కి అడుగునో వెనకో ఒక స్టిక్కర్ ఉంటుంది, లాగిన్ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాని మీదే రాసి ఉంటాయి. మా ఇంట్లో అయితే దసరాకి మా ఆవిడ ఆయుధ పూజలో బీరువాతో పాటు రౌటర్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టింది, సరిగ్గా స్టిక్కర్ మీదే, పాస్‌వర్డ్‌లో ఉన్నది సున్నానా ఇంగ్లీషు అక్షరం ఓనా అని నేను టార్చి వేసి చూసుకోవాల్సి వచ్చింది. మీరు ముందే ఫోటో తీసి పెట్టుకోండి. అడ్రస్ ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, జియో ఫైబర్ వాళ్లదైతే 192.168.29.1. స్టిక్కర్ చెరిగిపోతే మీ ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే గేట్‌వే అని కనబడేదే ఆ అడ్రస్.

దాన్ని క్రోమ్‌లో పైన అడ్రస్ పెట్టే చోట కొట్టాలి, గూగుల్ సెర్చ్ పెట్టెలో కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫోన్‌లో చేస్తుంటే మొబైల్ డేటా ఆపేసి వైఫై మాత్రమే ఉంచుకోండి. కనెక్షన్ ప్రైవేట్ కాదు, సురక్షితం కాదు అని ఎర్రగా బెదిరించొచ్చు, మీ ఇంట్లో బాక్స్ పేజీయే కాబట్టి ఈ ఒక్కచోట మాత్రం ముందుకెళ్లొచ్చు, బ్యాంకు పేజీలో ఇలా వస్తే మాత్రం వెళ్లకూడదు.

లోపలికెళ్లాక ఏదీ మార్చకముందు ప్రతి పేజీనీ ఫోటో తీయండి. తర్వాత లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై పాస్‌వర్డ్ వేరు ఇది వేరు, రెండూ ఒకటే పెట్టకండి. మార్చింది పాల లెక్క రాసుకునే నోట్‌బుక్‌లో రాసినా పర్వాలేదు, ఇంట్లోకొచ్చి నోట్‌బుక్ చూసే దొంగ వేరు, మనం భయపడుతున్న దొంగ వేరు.

ఇప్పుడు సెక్యూరిటీ అన్న మెనూలో ఫైర్‌వాల్. కొన్ని బాక్సుల్లో అడ్వాన్స్‌డ్ అన్నదాని లోపల ఉంటుంది. ఒక్కోదాంట్లో ఆన్ ఆఫ్ అని ఒకటే బటన్ ఉంటుంది, ఒక్కోదాంట్లో లో, మీడియం, హై అని లెవెల్స్ ఉంటాయి. మీడియం పెట్టండి. హై అంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది, నాకూ అనిపించేది. కానీ హై అంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం కాదు, కొన్ని మోడళ్లలో అది బయట నుంచి వచ్చేవాటితో పాటు లోపల నుంచి వెళ్లేవాటిని కూడా వెబ్ పేజీలు, మెయిల్ లాంటి కొన్నిటికే పరిమితం చేసేస్తుంది. అప్పుడు వాట్సాప్ కాల్ రాదు, టీవీలో ఏదో ఆప్ తిరుగుతూనే ఉంటుంది, కెమెరా క్లౌడ్ కూడా ఆఫ్‌లైన్ అంటుంది, చివరికి విసుగొచ్చి మొత్తం ఆఫ్ చేసేస్తారు. మీ కొత్త బాక్స్‌లో కూడా ఫ్యాక్టరీ నుంచి హై పెట్టి వచ్చిందేమో, కెమెరా ఆగింది అందుకేనేమో అని నా అనుమానం. అదే పేజీలోనో పక్క పేజీలోనో ఐపీవీ6 ఫైర్‌వాల్ అని విడిగా ఒక టిక్కు ఉంటే అది తప్పకుండా పెట్టాలి, పైది ఆన్ చేస్తే ఇది దానంతటదే ఆన్ అవ్వాలని లేదు.

గోడ కట్టాం, ఇప్పుడు పాత కన్నాలు పూడ్చాలి. పోర్ట్ ఫార్వార్డింగ్, కొన్నిట్లో వర్చువల్ సర్వర్ అని ఉంటుంది, అందులో డీవీఆర్ పేరు మీద ఉన్న లైన్లు తీసేయండి, 80, 554, 8000, 37777 లాంటి నంబర్లు కనబడితే అవి కెమెరాలవే. డీఎంజెడ్ ఆన్‌లో ఉంటే ఆపండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అనో వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) యాక్సెస్ అనో ఉన్నచోట బయట నుంచి రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకునే టిక్కులు తీసేయండి, టెల్‌నెట్ ఆన్‌లో ఉంటే అది కూడా. యూపీఎన్‌పీ అని ఒకటుంది, ఇంట్లో ఏ డబ్బా అడిగినా మనకి చెప్పకుండా రౌటర్ దానికి పోర్ట్ తెరిచి ఇచ్చే ఏర్పాటు, ఆటలాడే పిల్లలుంటే కాస్త పనికొస్తుంది, మీ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆపేయండి. డబ్ల్యూపీఎస్, అంటే వైఫై పాస్‌వర్డ్ బదులు పిన్‌తో కలిపే ఏర్పాటు, అది కూడా ఆపండి, 8 అంకెల పిన్ అని చెప్తారు గానీ అది రెండు ముక్కలుగా చెక్ అవుతుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే, కాబట్టి 11,000 సార్లు కొడితే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. మీరు లెక్కల టీచరైతే సరదాగా వేసి చూడండి, పదివేలకి వెయ్యి కలపాలి, పదికోట్లు కాదు. టీఆర్-069 అని ఏదైనా కనబడితే దాన్ని మాత్రం కదపకండి, అది మీ నెట్ కంపెనీ వాళ్లు దూరం నుంచి బాక్స్ చూసుకునే దారి, తీసేస్తే రేపు సర్వీసు అడిగినప్పుడు ఇబ్బంది.

అప్లై గానీ సేవ్ గానీ నొక్కడం మర్చిపోవద్దు, కొన్ని బాక్సుల్లో ఒక్కో పేజీకీ విడిగా నొక్కాలి.

మెనూలో అసలు ఫైర్‌వాలే కనబడకపోతే కంగారుపడకండి. కొన్ని కంపెనీలు కస్టమర్‌కి ఇచ్చే లాగిన్‌లో సగం మెనూలు దాచేస్తాయి. అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి సరిగ్గా ఈ మాటలే చెప్పండి: "మా బాక్స్‌లో ఐపీవీ4, ఐపీవీ6 ఫైర్‌వాల్ రెండూ మీడియం లెవెల్‌లో ఆన్ చేయండి, డీఎంజెడ్, పోర్ట్ ఫార్వార్డింగ్ తీసేయండి, వ్యాన్ సైడ్ నుంచి లాగిన్ ఆపండి." కంప్లైంట్ నంబర్ అడిగి తీసుకోండి. ఆ లైన్ అబ్బాయి మళ్లీ వస్తే మెత్తగా చెప్పండి, కెమెరా ఇప్పుడు క్లౌడ్‌లో వస్తోంది బాబూ, ఫైర్‌వాల్ ముట్టుకోకు అని, ఈసారి ఆ మాట మీరు అనాలి. ఇంకోటి, బాక్స్ వెనక చిన్న కన్నంలో పిన్ను పెట్టి నొక్కితే రీసెట్ అయిపోతుంది, రిపేరుకి వచ్చినవాళ్లు చీటికీ మాటికీ అది నొక్కుతారు, నొక్కితే మీరు చేసిందంతా పోయి ఫ్యాక్టరీ సెట్టింగ్స్ వచ్చేస్తాయి. కాబట్టి ఎవరు వచ్చి వెళ్లినా ఒకసారి పేజీ తెరిచి ఫోటోలతో సరిచూసుకోండి.

చేసింది పనిచేస్తోందో లేదో చూడటానికి చిన్న పరీక్ష. స్టాటిక్ ఐపీ ఇంకా తీసేయించకముందే చేయండి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉండి మీ స్టాటిక్ ఐపీ నంబర్‌ని క్రోమ్‌లో కొట్టండి. రౌటర్ లాగిన్ పేజీ గానీ డీవీఆర్ పేజీ గానీ తెరుచుకుందంటే ఇంకా ఎక్కడో కన్నం ఉంది. తిరిగి తిరిగి ఏమీ రాకుండా ఆగిపోతే బాగున్నట్టే. ఫైర్‌వాల్ ఆన్ చేయకముందు కూడా ఒకసారి ఇది చేసి చూడండి, మీ డీవీఆర్ లాగిన్ పేజీ మీ ఫోన్‌లో బయట నుంచి తెరుచుకోవచ్చు, తెరుచుకుంటే అది మీకు ఎలా తెరుచుకుందో ఎవరికైనా అలాగే తెరుచుకుంటుంది. వంద మాటలు చెప్పినా మీవారు వినకపోతే ఆయన ఫోన్‌లోనే చేసి చూపించండి.

నెట్ స్లో అవుతుందన్న మాటకి వస్తే, ఇప్పటి ఫైబర్ బాక్సుల్లో మామూలు ఎస్‌పీఐ ఫైర్‌వాల్ వల్ల ఇంట్లో వాడే 50, 100 ఎంబీపీఎస్ లైన్ మీద తేడా కనబడదు. పాత చవక రౌటర్లలో పేరెంటల్ కంట్రోల్ లాంటివి అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే బాక్స్ కొంచెం ఆయాసపడేది, ఆ పాత మాటే ఇప్పటికీ చెలామణీ అవుతోంది. అనుమానముంటే ముందూ వెనకా స్పీడ్ టెస్ట్ చేసుకోండి, ఐదు నిమిషాల పని.

ఫైర్‌వాల్ ఆన్ చేశాం కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. అది ఆపేది పిలవకుండా వచ్చేవాటినే. పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే మనమే నొక్కి మనమే ఇన్‌స్టాల్ చేసుకుంటాం, అప్పుడు అది లోపల నుంచి బయటికి మాట్లాడుతుంది, రిజిస్టర్‌లో ఎంట్రీ పడుతుంది, ఫైర్‌వాల్ దారి ఇస్తుంది. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ అని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకీ రౌటర్‌కీ సంబంధమే లేదు. డబ్బులు పోయాయంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, రౌటర్‌లో ఉంది కదా అని దాన్ని ఆపొద్దు. 2017 మేలో వాన్నాక్రై అని ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే మాల్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దొరికిపోయాయి, అది ఒక కంప్యూటర్లోకి దూరాక అదే నెట్‌వర్క్‌లో పక్కవాటిలోకి పాకే రకం, గుమ్మం దగ్గర ఎంత కాపలా ఉన్నా లోపల గదికీ గదికీ మధ్య తలుపు ఉండాలి మరి.

అన్నీ కుదిరి, ఒక వారం పాటు కెమెరాలు మీవాడికి ఇబ్బంది లేకుండా వస్తే అప్పుడు స్టాటిక్ ఐపీ వద్దని చెప్పేయండి, ఆ 200 మిగుల్తాయి.

ఇక రాత్రి స్విచ్ ఆపేయడం. రీస్టార్ట్ చేస్తే మంచిదే అన్న మాట ఊరికే పుట్టలేదు, 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ లక్షల రౌటర్లలో దూరినప్పుడు అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లే రౌటర్లు ఒకసారి ఆపి వేయండి అని జనానికి చెప్పారు. మిరాయ్ కూడా మెమరీలోనే ఉండేది, స్విచ్ ఆపితే పోయేది. కానీ అదే పాస్‌వర్డ్‌తో, అదే తెరిచిన తలుపుతో మళ్లీ ఆన్ చేస్తే నిమిషాల్లో మళ్లీ పట్టుకునేది. కాబట్టి రోజూ ఆపడం దీనికి మందు కాదు, నెలకోసారి బాక్స్ ఆపి వేస్తే చాలు, అదీ అప్‌డేట్ ఏదైనా ఉందేమో చూసుకోవడానికి. పైగా రాత్రి బాక్స్ ఆపితే డీవీఆర్ తన హార్డ్ డిస్క్‌లో రికార్డు చేసుకుంటుంది గానీ బయటికి మాత్రం కనబడదు. మీకు రాత్రి పదకొండు అయ్యేసరికి మీవాడికి అక్కడ మధ్యాహ్నం, వాడు పని మధ్యలో ఫోన్ తీసి ఇంటి గేటు వంక చూసుకునేది ఆ టైమ్‌లోనే.